18 లక్షల్లో వేరే గ్రహం: పాలమూరు గుట్టల్లో సైఫై తీసేవాళ్లకు

అడిగింది ఇది: మహబూబ్‌నగర్‌లో ఏడుగురు మిత్రులు, చేతిలో 18 లక్షలు. కథంతా వేరే గ్రహం మీద. గనిలో పనిచేసేవాళ్లకూ కంపెనీ సైనికులకూ మధ్య కొట్లాట. షూటింగ్ మొత్తం నల్గొండ, పాలమూరు చుట్టుపక్కలే. "గ్రాఫిక్స్‌కి 10 లక్షలు పక్కన పెడితే సరిపోతుందా అన్నా?"

సరిపోదు. 50 పెట్టినా సరిపోదు. గ్రాఫిక్స్ అనేది ఎంత పోసినా నిండని బావి. అందుకే లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టొద్దు అంటాను.

నేను పదహారేళ్లుగా కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. సొంతూరు దేవరకొండ దగ్గర. ఇలాంటి చిన్న సైఫై సినిమాలు రెండింటికి పనిచేశాను. ఒకటి ఓటీటీలో ఉంది, ఇంకొకటి నిర్మాత ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉంది. నాకు తెలిసిందంతా ఆ రెండోదాని నుంచే వచ్చింది. దానికి గ్రీన్ మ్యాట్ కట్టి, గ్రహం మొత్తం తర్వాత కంప్యూటర్‌లో వేద్దామనుకున్నాం. డబ్బు సగం షాట్లకే అయిపోయింది. మిగతా సగంలో హీరో ఇప్పటికీ ఆకుపచ్చ గుడ్డ ముందే పరుగెడుతున్నాడు.

కాబట్టి ముందు ఒక పని చేయండి. మీ గ్రహానికి ఒకే ఒక్క నియమం పెట్టండి. అది మనిషి ఒంటిని ఇబ్బంది పెట్టేది అయ్యుండాలి. గాలి పీల్చలేం, లేదా ఎండలో పది నిమిషాలు నిలబడలేం, లేదా నీళ్లు కళ్ల ముందే ఉంటాయి కానీ తాగలేం. ఈ మూడోదానికి మన దగ్గర ఊహ కూడా అక్కర్లేదు, మర్రిగూడ వైపు పెద్దవాళ్లను అడగండి. ఫ్లోరైడ్ నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి, ఎముకలు వంకర పోయాకే తెలిసేది. చూడ్డానికి మామూలుగా ఉండి మనిషిని లోపల్నుంచి తినే నీళ్లంటే అంతకన్నా భయంకరమైన గ్రహం ఏ కంప్యూటర్‌లోనూ తయారవదు. ఒక నియమం దొరికిందంటే నటుడి నడక, మాట, కొట్లాట, సౌండ్ అన్నీ దాన్ని పట్టుకునే వస్తాయి. అది లేకపోతే ఆకాశంలో ఆరు చందమామలు వేసినా జనానికి అది రాచకొండ గుట్టలాగే కనిపిస్తుంది.

కథ గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. మీ స్క్రిప్ట్‌లో గని కార్మికులంతా "ప్రాణవాయువు నిల్వలు క్షీణిస్తున్నాయి, కమాండర్" అని మాట్లాడుతున్నారు. ఎందుకండీ? గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి మనుషుల్ని దేశం మీద ఎక్కడెక్కడికో డ్యాములు కట్టడానికి తోలుకుపోయిన జిల్లా మనది. పాలమూరు లేబర్ అంటే ఊరి పేరు కాదు, ఒక రకం పని పేరు అయిపోయింది ఒకప్పుడు. ఆ మనుషులే మీ గ్రహం మీద ఉన్నారనుకోండి. అడ్వాన్స్ తీరేదాకా తిరుగు రాకెట్ ఎక్కనివ్వడు మేస్త్రీ. "గాలి అయిపోవస్తుందే, నీ దాంట్ల ఎంత ఉంది?" అని ఒకడు ఇంకొకడిని అడిగితే చాలు, సైన్స్ మొత్తం అందులోనే ఉంది.

ఇక లొకేషన్లు. మార్స్ ఎర్రగా ఉండేది దుమ్ములో ఉన్న ఐరన్ ఆక్సైడ్ వల్ల, అంటే తుప్పు వల్ల. మన చెల్క నేల ఎర్రగా ఉండేదీ ఇనుము వల్లే. రంగు ఊరికే దొరికింది. ఇది మన ప్రాంత గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. చంద్రయాన్-2 రోవర్‌ని పరీక్షించడానికి ఇస్రో వాళ్లు చంద్రుడి మట్టిలాంటి మట్టిని తమిళనాడులో నామక్కల్ దగ్గరి సీతంపూండి రాయి నుంచే తయారు చేసుకున్నారు. జోర్డాన్‌లోని వాడీ రమ్ ఎడారిని హాలీవుడ్ వాళ్లు ఎన్నిసార్లు మార్స్ చేశారో లెక్కలేదు. గ్రహం ఎప్పుడూ ఎవరో ఒకరి ఊరి పక్కనే ఉంటుంది.

మన దగ్గర అడ్డొచ్చేది పచ్చదనం. రాచకొండ గుండ్లు, కోయిలకొండ బండలు, దేవరకొండ ఖిల్లా వెనక వైపు, అన్నీ అద్భుతంగా ఉంటాయి. కెమెరా పెట్టి చూస్తే మూలకు ఒక తాటిచెట్టు, ఇంకో మూలకు సర్కారు తుమ్మ, వెనక కరెంటు తీగ. సర్కారు తుమ్మ అయితే మే నెలలో కూడా ఎండదు, దానికి సిగ్గు లేదు. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, కెమెరాని కిందికి దించి మనిషిని ఆకాశం మీద పెట్టడం. రెండు, రంగులు సరిచేసేటప్పుడు పచ్చని ఒక్కదాన్నే ఎంచుకుని తుప్పు రంగులోకి తిప్పడం. ఇది డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే అవుతుంది. మూడోది నాకు బాగా ఇష్టం. పాత కెమెరా ఒకటి దొరికితే సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయించి ఇన్‌ఫ్రారెడ్‌కి, అంటే కంటికి కనపడని కాంతికి మార్పించండి. 720 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే ఆకులు తెల్లగా మంచు పట్టినట్టు, ఆకాశం నల్లగా వస్తాయి. మనకు శత్రువైన సర్కారు తుమ్మే అప్పుడు ఎవరూ చూడని చెట్టు అయిపోతుంది. కాకపోతే మనిషి చర్మం కూడా మైనం బొమ్మలా వస్తుంది, అందుకే దూరపు షాట్లకి, కలలాంటి సీన్లకి మాత్రమే.

మూసేసిన గ్రానైట్ క్వారీ దొరికితే సగం సినిమా అక్కడే అయిపోతుంది. మెట్లు మెట్లుగా కోసిన రాతి గోడలు, ఒక్క ఆకు ఉండదు, గాలి చప్పుడు కూడా వేరేగా ఉంటుంది. మీ కథ గనిలోనే కాబట్టి ఇంకేం కావాలి. కానీ క్వారీ గుంతలో నీళ్లుంటే అటువైపు ఎవర్నీ పోనివ్వొద్దు, లోతు తెలియదు, అంచున పట్టు దొరకదు. పక్కన ఇంకా నడిచే క్వారీ ఉంటే బ్లాస్టింగ్ టైం కనుక్కుని రాసిపెట్టుకోండి. జూరాల దిగువన ఎండాకాలం కృష్ణలో బయటపడే బండలు కూడా చాలా బాగుంటాయి, అయితే పైనుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో ప్రాజెక్టు వాళ్లను అడక్కుండా దిగొద్దు. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు చూస్తే మీకు తప్పకుండా ఆశ పుడుతుంది. పది పన్నెండు అడుగుల రాళ్లు, మూడు వేల ఏళ్ల పైబడినవి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లాయి. అక్కడ కొట్లాట సీన్ వద్దు. ఒక్క రాయికి తాడు కట్టినా తప్పే. థర్మాకోల్‌తో నాలుగు రాళ్లు చేయించుకుని క్వారీలో నిలబెట్టండి, ఎవరికీ తేడా తెలియదు.

ఓటీటీలో ఉన్న సినిమా షూటింగ్ రెండో రోజు ఏమైందో చెప్తాను. తెల్ల సూట్లలో నలుగురు, గుట్ట మీది నుంచి వరుసగా దిగుతున్నారు. దర్శకుడు నెల రోజులుగా కలలు కన్న షాట్. వాళ్ల వెనక గుట్ట అంచు మీద మొదట రెండు చెవులు లేచాయి, తర్వాత ఇరవై మేకలు. వాటి వెనక ఒక పెద్దాయన, భుజాన గొంగడి. కట్ చెప్పాక ఆయన దగ్గరికొచ్చి మా వాళ్లను పైనుంచి కిందికి చూసి, "ఏం బిడ్డా, తేనెతుట్టె గొట్టనీకి వచ్చిన్రా?" అని అడిగాడు. అందరం నవ్వాం. కానీ ఆయన అన్నది నిజం. ఆ సూట్లు కొత్తగా, తెల్లగా, ఇస్త్రీ మడతలతో ఉన్నాయి. ఎక్కడా బతికిన సూట్లు కావవి.

ఆ రోజు సాయంత్రమే సూట్లను చెల్క మట్టిలో పొర్లించి, మోకాళ్లు గరుకు కాగితంతో రుద్ది, మోచేతుల దగ్గర వేరే రంగు గుడ్డ అతుకులు వేయించాం. ఆ పెద్దాయన దగ్గర గొంగడి కూడా రెండు రోజులకు అద్దెకు అడిగి తీసుకున్నాం. దక్కని గొర్రె ఉన్నితో నేసిన నల్ల గొంగడిని సూట్ మీద కప్పుకుంటే వందేళ్లుగా ఆ గ్రహం మీదే ఉన్న మనిషిలా కనిపించాడు మా నటుడు. సినిమా చూసినవాళ్లందరూ అడిగిన ఒకే ఒక్క కాస్ట్యూమ్ అది. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మన చుట్టూ పెట్టుకుని ఆన్‌లైన్‌లో మెరిసే గుడ్డ కొనడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోచంపల్లి చిటికీ (ఇక్కత్) డిజైన్‌ని పెద్దది చేసి కంపెనీ సైనికుల ఛాతీ మీద గుర్తుగా పెడితే చాలు, ఆ కంపెనీకి ఒక చరిత్ర వచ్చేస్తుంది.

(మేకలు ఫ్రేములో ఉంచుదామని కూడా ఒకరు అన్నారు. థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ కావాలి, సినిమాలో జంతువుల్ని వాడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కాగితం అడుగుతారు. కాబట్టి గ్రహం మీద మేకలు లేవు.)

సూట్ తయారీ పెద్ద విషయం కాదు. ఫ్యాక్టరీ వాళ్లు వేసుకునే బాయిలర్ సూట్, దాని మీద పిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్లను కోసి, హీట్ గన్‌తో వంచి, చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బర్ సొల్యూషన్‌తో అతికించిన పలకలు. అసలు తలనొప్పి హెల్మెట్. గుండ్రటి అక్రిలిక్ అద్దం పెడితే అందులో కెమెరా, కెమెరామన్, పక్కన టీ తాగుతున్న మేనేజర్ అందరూ కనిపిస్తారు. అందుకని దగ్గరి షాట్లలో అద్దం పూర్తిగా తీసేసి తీయండి. తర్వాత ఎడిటింగ్‌లో ఒక చిన్న మెరుపు, ఒక గీత కలిపితే అద్దం ఉన్నట్టే ఉంటుంది. పెద్ద బడ్జెట్ సినిమాల్లో కూడా చేసేది ఇదే. హెల్మెట్ లోపల గడ్డం కింద ఒక చిన్న ఎల్ఈడీ పట్టీ పెడితే ముఖం కనిపిస్తుంది. కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాన్లు రెండు, వెనక వైపు గాలి పోయే సందు తప్పనిసరి. మూసేస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు మనిషి.

కంపెనీ సైనికులకి మాత్రం అద్దం మెరిసే రకం పెట్టండి. ముఖం కనపడదు కాబట్టి మూడు సూట్లతో పన్నెండు మంది సైన్యం అవుతుంది, పొద్దున చచ్చినవాడే మధ్యాహ్నం మళ్లీ వస్తాడు. ఇంకో లాభం, పెదాలు కనపడవు. డైలాగ్ నచ్చకపోతే డబ్బింగ్‌లో మార్చుకోవచ్చు. మేము విలన్ పాత్ర ఉద్దేశాన్నే డబ్బింగ్ థియేటర్‌లో మార్చేశాం, ఎవరూ పట్టుకోలేదు.

ఎండ గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. పచ్చదనం ఉండదని మే నెలే పెట్టుకున్నాం. 11 గంటలు దాటాక ఒక షాట్ మిగిలింది, "అయిదే నిమిషాలు" అన్నది నేనే. హెల్మెట్‌లో ఉన్న అబ్బాయి, జూనియర్, ఇంటర్ అయిపోయిన వయసు, రెండుసార్లు అడిగితే బాగానే ఉందన్నాడు. మూడోసారి అడిగితే ఏదో సంబంధం లేని మాట చెప్పాడు. హెల్మెట్ తీసి చూస్తే నుదురు పొడిగా, సలసల కాగుతోంది. చెమట ఆగిపోయిందంటే ఒళ్లు చేతులెత్తేసిందని అర్థం. నీడకి మోసి, బట్టలు వదులు చేసి, క్యాన్ నీళ్లన్నీ మీద పోసి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికి బయటపడ్డాడు. ఆ షాట్ సినిమాలో లేదు. మీరు పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా మాత్రమే సూట్‌లో తీయండి. ఏటవాలు ఎండలో నీడలు పొడుగ్గా పడి రాళ్లు ఎలాగూ బాగా కనిపిస్తాయి. కుదిరితే జనవరి చివర, ఫిబ్రవరి పెట్టుకోండి. పచ్చదనం కొంచెం ఎక్కువుంటుంది, ఉండనివ్వండి. హెల్మెట్ ఎవరికి పెట్టినా పక్కన ఒక మనిషి ఊరికే వాడినే చూస్తూ ఉండాలి, వేరే పని చెప్పొద్దు.

దుమ్ము కావాలంటే క్రషర్ డస్ట్‌ని ఫ్యాన్‌తో ఊదించే ఆలోచన వస్తుంది, ఊరికే దొరుకుతుంది కాబట్టి. చేయకండి. రాతి పొడిలో సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, క్రషర్లలో పనిచేసేవాళ్లకి సిలికోసిస్ వచ్చేది దానివల్లే. ముల్తానీ మట్టి బస్తా తెచ్చుకోండి, అప్పుడు కూడా కెమెరా ఇవతల ఉన్నవాళ్లకి మాస్కులు ఇవ్వండి.

గురుత్వాకర్షణ చూపించడానికి తాళ్లు, క్రేన్లు అవసరం లేదు, చిన్న లెక్క చాలు. మార్స్ మీద గురుత్వాకర్షణ మన దాంట్లో దాదాపు 38 శాతం. వస్తువు కిందపడే వేగం అక్కడిలాగే తగ్గినట్టు కనిపించాలంటే, సెకనుకు 24కు బదులు 39 ఫ్రేములు తీసి 24లో ఆడించాలి. చంద్రుడి మీద ఆరో వంతే కాబట్టి దాదాపు 59, మీరు 60 పెట్టుకోవచ్చు. దూకడం, రాయి పడటం, దెబ్బ తగిలి వెనక్కి పడిపోవడం, వీటికి మాత్రమే వాడండి. చేతులు కూడా నెమ్మదిగా కదిలాయంటే జనానికి అది గ్రహంలా కాదు, తొంభైల నాటి హీరో ఎంట్రీలా కనిపిస్తుంది. అందుకే ఆ షాట్లలో నటుడు చేతుల్ని మామూలు కంటే వేగంగా కదపాలి, మార్స్ అయితే ఒకటిన్నర రెట్లు, చంద్రుడైతే రెండున్నర రెట్లు. రిహార్సల్ పడుతుంది. ఒక పూట పెట్టండి, దానికి అద్దె లేదు.

చంద్రుడిలాంటి గాలి లేని చోటు అయితే ఇంకో మోసం ఉంది. అక్కడ దుమ్ము పొగలా తేలదు, గాలే లేదు కాబట్టి విసిరిన రాయిలా లేచి అలాగే పడిపోతుంది. మన దగ్గర కాలు వేస్తే మెత్తటి దుమ్ము తేలుతుంది, చూసినవాడు కారణం చెప్పలేకపోయినా అనుమానపడతాడు. కాళ్లు పడే చోట జల్లెడ పట్టిన దొడ్డు ఇసుక పరిస్తే సరిగ్గా వస్తుంది. మార్స్ మీద గాలి ఉంది, కానీ ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు. తుపాను వచ్చినా మనిషిని ఎత్తి పడేయదు, దుమ్ముతో ఆకాశాన్ని కప్పేస్తుంది అంతే. మీ స్క్రిప్ట్‌లో గాలివానకి జీపు ఎగిరిపోతోంది. అది తీసేస్తే మీకే ఖర్చు కలిసొస్తుంది.

ఆకాశం విషయంలో ఒక ఉచిత బహుమతి ఉంది. మార్స్ మీద పగలు ఆకాశం గోధుమ రంగులో ఉంటుంది, సూర్యాస్తమయం నీలంగా ఉంటుంది. సన్నటి దుమ్ము వల్ల సూర్యుడి చుట్టూ నీలం కాంతే ఎక్కువగా మన వైపు వస్తుంది. అంటే మన సాయంత్రానికి సరిగ్గా తలకిందులు. సాయంత్రం షాట్ తీసి రంగులు తిప్పేస్తే చాలు, ఒక్క రూపాయి అవదు. అదే ఆకాశంలో పెద్ద గ్రహాన్ని అతికిస్తారు చూడండి, పదిలో తొమ్మిది మంది చేసే తప్పు అక్కడ ఉంది. సూర్యుడు నటుడి కుడివైపు నుంచి కొడుతుంటే గ్రహం మీద వెలుగు కూడా కుడివైపే ఉండాలి. పగటి పూట ఆ గ్రహం చీకటి సగం నల్లగా ఉండకూడదు, ఆకాశం రంగులో కలిసిపోవాలి. పగలు కనిపించే చందమామను ఒకసారి చూడండి, దాని చీకటి వైపు ఎక్కడా కనపడదు. ఎడిటింగ్‌లో స్క్రీన్ మోడ్ అనే ఆప్షన్‌తో కలిపితే అదే అవుతుంది. కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉన్న షాట్లలోనే గ్రహం పెట్టండి. కెమెరా కదిలితే దానితో పాటు ఫ్రేము ఫ్రేముకీ గ్రహాన్ని జరపాలి, దాన్నే ట్రాకింగ్ అంటారు. ట్రాకింగ్ అంటే రోజులు, రోజులంటే డబ్బు.

యాక్షన్. మీరు పంపిన స్క్రిప్ట్‌లో తొమ్మిది ఫైట్లు ఉన్నాయి, అన్నిట్లో లేజర్ గన్లు. మూడు చాలు. అందులో ఒకటి చేతులతో ఉండాలి. వేరే గ్రహం మీద తూటా కన్నా భయం సూట్ చిరగడం. ఇద్దరు మనుషులు ఒకరి గొట్టం ఒకరు లాక్కుంటున్నారు, ఒకడి మోకాలి దగ్గర చిన్న చిరుగు, వాడు చేత్తో దాన్ని అదిమి పట్టుకుని ఒక్క చేత్తోనే కొట్లాడాలి. ఇందులో గ్రాఫిక్స్ ఏముంది? ఒక కత్తెర. తూటాలు కావాలంటే, మందుగుండులో కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి గాలి లేనిచోట కూడా తుపాకీ పేలుతుంది, ఆ విషయంలో తప్పు లేదు. తప్పు మంటలో ఉంది. ఆక్సిజన్ లేని చోట పెట్రోల్ బాంబు పేలినట్టు నారింజ రంగు మంట గుప్పున లేవదు. రాళ్లు, దుమ్ము చిమ్ముతాయి, అంతే. చిమ్మించడం మంట కన్నా తేలిక, ప్రమాదమూ తక్కువ. టపాసుల మందుతో సొంత ప్రయోగాలు మాత్రం వద్దు. నిజమైన లేజర్ లైటు సెట్‌లోకి రానివ్వొద్దు, అది నేరుగా తగిలితే కెమెరా సెన్సర్ కాలిపోతుంది. అద్దె కెమెరా అయితే ఆ రోజుతో మీ సినిమా ముగిసినట్టే.

గ్రహాంతర జీవి గురించి కూడా అడిగారు. 1974లో వచ్చిన డార్క్ స్టార్ అనే అమెరికన్ సినిమాలో గ్రహాంతర జీవి అంటే రంగు వేసిన బీచ్ బంతి, కింద రెండు కాళ్లు. జనం దాన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్లు దాన్ని నవ్వులాటకే వాడారు. మీ కథ నవ్వులాట కాదు. చూపించకండి. ఇసుకలో జాడ, రాయి మీద గీత, మూడో రోజు ఒకడు తక్కువ. అంతవరకే.

లోపలి సెట్లకి స్టూడియో ఫ్లోర్ అద్దెకు తీసుకోవద్దు. మిర్యాలగూడ వైపు బాయిల్డ్ రైస్ మిల్లులు చూశారా? సీజన్ లేనప్పుడు ఒకటి మాట్లాడుకుంటే అంతరిక్ష ఓడ ఇంజిన్ రూమ్ సిద్ధంగా ఉంటుంది. రెండంతస్తుల డ్రైయర్లు, గొట్టాలు, ఇనుప మెట్లు, బాయిలర్ మీటర్లు. ఒక నీలం లైటు, కొంచెం పొగ పెట్టి తీస్తే అది వరి మిల్లని మిర్యాలగూడ వాళ్లకి కూడా తెలియదు. ఓడలో పొడుగాటి దారి కావాలంటే ఖాళీగా ఉన్న కోళ్ల షెడ్డు, అదీ పెద్ద ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్లు ఉన్న మూసిన రకం షెడ్డు. ఆ చివర తిరిగే ఫ్యాన్ల వెనక లైటు పెడితే కోట్ల సెట్ కనిపిస్తుంది. మేము అలాగే తీశాం. తీశాక ఎడిటింగ్‌లో చూస్తే ప్రతి ఫ్రేములో ఈగలు. అంతరిక్షంలో ఈగలు. ఒక్కో ఈగని ఒక్కో ఫ్రేములో చెరుపుతూ ఒక కుర్రాడు పందొమ్మిది రోజులు కూర్చున్నాడు. గ్రాఫిక్స్ బడ్జెట్‌లో మా పెద్ద ఖర్చు గ్రహం కాదు, ఈగలు. షెడ్డు కడిగించి, సున్నం కొట్టించి, వారం ఆగి వెళ్లండి.

సౌండ్‌కి మాత్రం చేయి బిగపట్టకండి. మీ దగ్గర ఒక లక్ష మిగిలి, గ్రాఫిక్స్‌కా సౌండ్‌కా అని టెన్షన్ పడితే సౌండ్‌కే పెట్టండి. 2021 ఫిబ్రవరిలో మార్స్ మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో మైకులు ఉన్నాయి, అక్కడి గాలి చప్పుడు నాసా అందరూ వినేలా పెట్టింది. వినండి. మన దగ్గర సెకనుకు 340 మీటర్లు పోయే శబ్దం అక్కడ 240 దగ్గరే ఆగిపోతుంది, సన్నటి శబ్దాలు దూరం రాకుండానే చచ్చిపోతాయి. అంతా దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటుంది. బయట షాట్లలో శబ్దాన్ని అలా మందం చేసి, ఒక్కసారి హెల్మెట్ లోపలికి కట్ చేసి ఊపిరి చప్పుడు పెట్టండి. థియేటర్‌లో జనం కూడా ఊపిరి బిగబడతారు. హెల్మెట్ గొంతు కోసం సాఫ్ట్‌వేర్ కొనొద్దు. మా డబ్బింగ్ కళాకారుడు ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములో తల పెట్టి డైలాగులు చెప్పాడు, మైకు కూడా డ్రమ్ములోనే. అంతకన్నా మంచి హెల్మెట్ నేను వినలేదు. గాలి లేని చోట రేడియో పాడైతే ఇద్దరు మనుషులు హెల్మెట్‌కి హెల్మెట్ ఆనించి మాట్లాడుకోవచ్చు, శబ్దం అద్దం గుండా పోతుంది. మీ కథలో అన్నదమ్ములున్నారు కదా, ఆఖరి మాటలు వాళ్లు అలా చెప్పుకుంటే వేరే సంగీతం కూడా అక్కర్లేదేమో ఆలోచించండి.

అనుమతుల గురించి చిన్నగా: పంచాయతీకి, స్టేషన్‌కి ముందే కాగితం ఇవ్వండి, తర్వాత బతిమాలడం కన్నా నయం. అమ్రాబాద్ అడవి టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా దిగొద్దు. కోటల్లో అయితే పురావస్తు శాఖను అడగండి. డ్రోన్ ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో రెడ్ జోనా, గ్రీన్ జోనా చూసుకోండి. ప్రాజెక్టుల దగ్గర అసలు బ్యాగులోంచి తీయొద్దు.

ఇప్పుడు మీ 18 లక్షలు. నేనైతే గ్రాఫిక్స్‌కి మూడు దాటనివ్వను. నలభై షాట్లు, అందులో ముప్పై కదలని కెమెరాతో, బ్లెండర్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసే ఇద్దరు కుర్రాళ్లు, ముందే మాట్లాడుకున్న రేటు. సౌండ్, డబ్బింగ్‌కి రెండున్నర. సూట్లు, హెల్మెట్లు, తుప్పు పట్టిన ఆ గని సామాను అంతా కలిపి మూడు. కెమెరా, లైట్లు, తిండి, బండ్లు, ఇవి ఎంత తగ్గించినా ఏడు తింటాయి, ఇరవై రోజుల పైన వెళితే ఇంకా తింటాయి. మిగిలింది ముట్టుకోకండి, అది మళ్లీ తీయాల్సిన మూడు రోజుల కోసం. ఏ మూడు రోజులో ఇప్పుడు తెలియదు, కానీ ఉంటాయి. హార్డ్ డిస్కులు రెండు కాదు మూడు కొనండి, మూడోది షూటింగ్‌కి రాని మనిషి ఇంట్లో పెట్టండి.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక ఆదివారం పని. ఒక హెల్మెట్, ఒక మనిషి, ఒక క్వారీ, పొద్దున ఆరు గంటలకి. వాడు ఒక బస్తా రాళ్లు మోసుకుని మెట్లు ఎక్కాలి, మధ్యలో ఒకసారి తన మణికట్టు మీది మీటర్ చూసుకోవాలి, చూసి నడక నెమ్మది చేయాలి. డైలాగ్ వద్దు, గ్రాఫిక్స్ వద్దు, పాట వద్దు. ఊపిరి చప్పుడు డ్రమ్ములో పెట్టి కలపండి. ఒక నిమిషం. దాన్ని సినిమా పిచ్చి లేని వాళ్లకు చూపించండి, మీ అమ్మకో, పక్కింటి కిరాణా ఆయనకో. "ఇదెక్కడ తీశారు?" అని అడిగితే ఇంకో ఆదివారం మళ్లీ తీయండి. "ఆ పిల్లగాడికి గాలి సరిపోతలేదా?" అని అడిగితే నాకు ఆ క్లిప్ పంపండి. సూట్లు రెండు నా దగ్గరే ఉన్నాయి, ఆ మట్టి ఇంకా వదల్లేదు, అద్దె అడగను.